అబ్జద్ లెక్క, తక్మిలా లెక్క

మా కల్వకుర్తిలో ప్రతి యేడూ పరీక్షలు దగ్గరపడే రోజుల్లో మా వద్దకు రెండు రకాల సాయం కోరి వస్తుంటారు. ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలు సమాకలనం లెక్కలు పట్టుకొని వస్తారు. పెద్దవాళ్లు, ముఖ్యంగా ఇంట్లో బిడ్డ పుట్టినవాళ్లు, కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు, ఫలానా పేరుకు అబ్జద్ ప్రకారం ఎంత వస్తుందో చూసి పెట్టమంటారు. ఒకటి కాలేజీ లెక్క, రెండోది ఇంటి లెక్క. ఈ రెండింటికీ పొంతన లేదని చాలామంది అనుకుంటారు. చరిత్ర చూస్తే మాకు అట్లా తోచడం లేదు. అందుకే సావనీర్‌లో మాకిచ్చిన ఈ నాలుగు పేజీలూ ఆ సంగతికే వాడుకుంటున్నాము.

ముందు ఇంటి లెక్క. షాదీ రుఖ్ఖా మీదా, దుకాణం ఖాతా పుస్తకం మొదటి పేజీలోనూ, లారీ ముందు అద్దం మీదా 786 అని రాసి ఉండటం అందరమూ చూస్తున్నదే. అది ఎట్లా వచ్చిందని అడిగితే మాత్రం పదిమందిలో ఇద్దరు కూడా చెప్పలేకపోతున్నారు. అరబ్బీలో 28 అక్షరాలకు 28 విలువలు ఉన్నాయి. అలిఫ్ 1, బే 2, జీమ్ 3, దాల్ 4. ఈ నాలుగు కలిపి చదివితేనే అబ్జద్ అయింది. 10 వరకు ఒకట్లు, అక్కడినుంచి పదులు, ఖాఫ్‌తో 100, ఆఖరున గైన్‌తో 1000. బిస్మిల్లా వాక్యాన్ని మాట మాటగా విడదీసి కూడితే, బిస్మ్ 102, అల్లాహ్ 66, అర్రహ్మాన్ 329, అర్రహీమ్ 289. మొత్తం 786. పూర్తి వాక్యం రాయకుండా అంకె రాయవచ్చునా అన్నది ఉలమాల మధ్య వేరే చర్చ, దాని జోలికి మేము పోవడం లేదు. కూడిక సరిగ్గా ఉందా లేదా అన్నదే ఇక్కడ మా పని.

ఈ కూడికకు కట్టుబాట్లు ఉన్నాయి. నోట పలికినది కాదు, కాగితం మీద రాసినదే లెక్కకు వస్తుంది. రహ్మాన్‌లో దీర్ఘం వినిపిస్తుంది గానీ అలిఫ్ రాయరు కాబట్టి దానికి విలువ లేదు. ఒత్తు పడిన అక్షరం ఒక్కసారే. అరబ్బీలో లేని పే, చే, గాఫ్‌లకు వాటి దగ్గరి చుట్టాలైన బే, జీమ్, కాఫ్‌ల విలువలే. ఈ నియమాలు తెలియకుండా కూడినవాళ్లు ఒకే పేరుకు మూడు రకాల జవాబులు తెచ్చి మా ముందు పెట్టి తీర్పు చెప్పమన్న సందర్భాలు ఉన్నాయి.

ఇదంతా కాలక్షేపం కాదా అంటే, ఒక కాలంలో ఇదే మన రికార్డు ఆఫీసు. పారసీ, ఉర్దూ కవులు మసీదు కట్టినా, నవాబు పోయినా, బిడ్డ పుట్టినా ఆ సంవత్సరం వచ్చేటట్టు ఒక మాట కూర్చేవారు. దానినే తారీఖ్ చెప్పడం అనేవారు. రాతి మీది అంకె చెరిగిపోవచ్చు, నకలు రాసేవాడు 6ను 9 చేయవచ్చు, కానీ అర్థమున్న మాట నోళ్లలో నిలిచిపోతుంది. మన చార్‌మినార్‌కే చూడండి. యా హాఫిజ్ అన్న మాటలో యే 10, అలిఫ్ 1, హే 8, మళ్లీ అలిఫ్ 1, ఫే 80, జోయ్ 900. కూడితే 1000. హిజ్రీ 1000 అంటే క్రీస్తు శకం 1591-92. కులీ కుతుబ్ షా కట్టించిన సంవత్సరం అదే. ‘ఓ రక్షకుడా’ అన్న ప్రార్థనలోనే శంకుస్థాపన ఫలకం ఉన్నదన్నమాట. ఆసఫ్‌జాహీ నాణేల మీద హైదరాబాదుకు బిరుదుగా ఉండే ఫర్ఖుందా బునియాద్ అన్న మాటకు 1006 వస్తుంది. కావాలంటే పిల్లల చేత కూడించి చూడండి. ఫర్ఖుందాకు 939, బునియాద్‌కు 67.

మన హిందూ సోదరుల ఇళ్లలోనూ ఇటువంటిదే ఉన్నది, పద్ధతి వేరు. దానిని కటపయాది అంటారు. క నుంచి ఝ దాకా 1 నుంచి 9, ట నుంచి మళ్లీ 1, ప నుంచి మళ్లీ 1, య నుంచి మళ్లీ 1. ఞ, న లకు సున్న. సంగీతం నేర్చుకునేవారికి ఇది బాగా తెలుసు. మేచకల్యాణిలో మ 5, చ 6, కుడి నుంచి ఎడమకు చదివితే 65, ఆ రాగం మేళకర్తల్లో 65వది. ధీరశంకరాభరణంలో ధ 9, ర 2, అందుకని 29. ఇక మన ప్రాంతపు పాత శాసనాల్లో శక సంవత్సరాన్ని వేదాలంటే 4, నేత్రాలంటే 2, చంద్రుడంటే 1 అని మాటలతోనే చెప్పడం కనిపిస్తుంది.

రెండింటికీ ఒక తేడా గుర్తుంచుకోవాలి. అబ్జద్‌లో అక్షరాలను కూడుతాము, కాబట్టి వరస మారినా మొత్తం మారదు. కటపయాదిలో ప్రతి అక్షరం ఒక స్థానంలో కూర్చుంటుంది, వరస మారితే అంకె మారిపోతుంది. కూడిక కాబట్టే అబ్జద్‌లో ఒకే విలువకు ఎన్నో మాటలు దొరుకుతాయి. ప్రవక్త పేరు ముహమ్మద్‌కు 92, అభయం అని అర్థమొచ్చే అమాన్‌కూ 92. వినడానికి బాగుంటుంది, సంతోషం. అయితే దీన్ని పట్టుకొని జాతకాలు చెప్పి తావీజులు అమ్మేవాళ్ల వద్దకు మాత్రం పోవద్దని మా సలహా. 28 అక్షరాల కూడికల్లో ఇట్లాంటి కలయికలు కోకొల్లలుగా పడతాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము. ఈ అక్షరాల అంకెలు కవుల చేతుల్లోనే ఉండిపోలేదు. నక్షత్రాల లెక్కలు వేసినవారు వాటినే వాడారు. జీజ్ అనే ఖగోళ పట్టికల్లో డిగ్రీలు, నిమిషాలు అబ్జద్ అక్షరాల్లోనే రాశారు. 59 రాయాలంటే నూన్ 50, తోయ్ 9, రెండక్షరాలు చాలు. ఉస్తుర్లాబ్ అనే ఇత్తడి పరికరం అంచు చుట్టూ చెక్కినవీ ఈ అక్షరాలే. అటు కేరళలో 14వ శతాబ్దంలో సంగమగ్రామ మాధవుడు వృత్తంలోని జ్యాల విలువలు ఏడెనిమిది దశాంశ స్థానాల దాకా తీశాడు. ఆయనవిగా చెప్పే ఆ 24 విలువలూ మనకు చేరింది కటపయాది మాటల రూపంలోనే. అంత సూక్ష్మమైన విలువలు రావాలంటే చిన్న చిన్న ముక్కలను అంతులేకుండా కూడే విద్య తెలియాలి. ఆ విద్యే పెరిగి పెద్దదై ఇప్పటి సమాకలనం. కేరళ గణితజ్ఞుల ఈ పద్ధతులను, రుజువులతో సహా, జ్యేష్ఠదేవుడు 1530 ప్రాంతంలో యుక్తిభాష అన్న పుస్తకంగా మలయాళంలో రాశాడు. సంస్కృతంలో కాదు, ఇంటి భాషలో. ఈ మాట దయచేసి గుర్తుపెట్టుకోండి, ముందు అవసరం పడుతుంది.

సమాకలనం అనగానే పిల్లల మొహాలు వాడిపోతాయి. మేము చెప్పే పద్ధతి ఇది. చెరువు శిఖం పక్కన ఒక చెలక ఉన్నదనుకోండి. మూడు పక్కలూ తిన్నగా ఉన్నా నాలుగో గట్టు వంపు తిరిగి ఉన్నది. చదరంగా ఉంటే పొడవును వెడల్పుతో గుణించి గుంటల్లో చెప్పవచ్చు, ఎకరాకు 40 గుంటలు. వంపు గట్టు వద్ద ఏం చేయాలి? సన్న సన్న పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీని చదరంగా అనుకొని కొలిచి కూడాలి. గట్టు వంపు దూరం వర్గం ప్రకారం పెరుగుతున్నదనుకుందాం. 10 పట్టీలు చేసి, ఒక్కోదానికి పెద్ద కొలత తీసుకుంటే 1 నుంచి 10 దాకా వర్గాల మొత్తం 385, అంటే వెయ్యి పాళ్లలో 385. చిన్న కొలత తీసుకుంటే 285. నిజమైన జవాబు ఈ రెంటికీ నడుమ ఉన్నది. 100 పట్టీలు చేస్తే పది లక్షల పాళ్లలో 3,38,350 ఒక పక్క, 3,28,350 ఇంకో పక్క. పట్టీలు సన్నబడేకొద్దీ ఈ రెండూ దగ్గరికొచ్చి మూడో వంతు వద్ద కలుస్తాయి. సమాకలనం అంటే ఇంతే, కూడిక. పట్టీలు ఎన్ని అన్నదానికి అంతు లేకపోవడం ఒక్కటే కొత్త.

వర్గాల మొత్తానికి సూత్రం ఆర్యభటుడు 499లోనే చెప్పాడు. బస్రాలో 965 ప్రాంతంలో పుట్టి కైరోలో స్థిరపడిన ఇబ్నుల్ హైసమ్ నాలుగో ఘాతాల మొత్తం దాకా వెళ్లాడు. దానితో పారాబోలా అనే వంపు గీతను ఒక పక్కగా తిప్పితే వచ్చే గుమ్మటం, దాన్ని చుట్టిన స్తంభంలో 15 పాళ్లకు 8 పాళ్లు ఉంటుందని నిరూపించాడు. ఇప్పుడు మన పిల్లలు అదే లెక్కను నాలుగు వరుసల్లో చేస్తారు. ఆయనకు ఆ గుర్తు లేదు, పద్ధతి ఉన్నది. నిలువుగా సాగదీసిన ఆ గుర్తు 1675లో జర్మనీ పండితుడు లైబ్నిజ్ పెట్టినది. లాటిన్‌లో మొత్తం అన్న అర్థమిచ్చే సుమ్మా అనే మాటలోని మొదటి అక్షరాన్ని పొడుగ్గా గీశాడు, అంతే. పిల్లలను భయపెట్టే ఆ గుర్తు కూడా ఒక అక్షరమే, దాని విలువ ‘కూడు’ అని.

మరి ఈ లెక్క మన తాతల ఇళ్లలోకి ఎట్లా వచ్చింది, ఎట్లా పోయింది? హైదరాబాదులో 19వ శతాబ్దం మొదటి సగంలోనే పాయిగా నవాబు శంసుల్ ఉమరా ఫఖ్రుద్దీన్ ఖాన్ సొంత ఖర్చుతో విజ్ఞాన గ్రంథాలను ఉర్దూ చేయించి సొంత అచ్చుకూటంలో వేయించారు. అదే రోజుల్లో ఢిల్లీ కాలేజీలో లెక్కల మాస్టరు రామచంద్ర గరిష్ఠ, కనిష్ఠ విలువల సమస్యలను కలన గణితం తోడు లేకుండా, మనవారికి అలవాటైన బీజగణితంతోనే సాధించి 1850లో పుస్తకం వేశారు. దాన్ని 1859లో లండన్‌లో మళ్లీ అచ్చు వేయించినది డి మోర్గాన్. ఆ దొర పుట్టింది మన మదురైలోనే, 1806లో.

అసలైన మలుపు ఉస్మానియా. 1917లో మౌల్వీ అబ్దుల్ హక్ పెద్దగా అనువాద శాఖ, దారుల్ తర్జుమా, ఏర్పడింది. 1918లో విశ్వవిద్యాలయం. అన్ని శాస్త్రాలూ పైస్థాయి వరకు ఒక భారతీయ భాషలో చెప్పాలన్న నిర్ణయం. పుస్తకాలు లేవు, మాటలు లేవు. పండితులు కూర్చొని మాట మాటకూ వాదించుకున్నారు. వహీదుద్దీన్ సలీమ్ అయితే కొత్త మాటలు ఎట్లా పుట్టించాలన్నదాని మీదే 1921లో ఒక గ్రంథం వేశారు. కలన గణితానికి ఇహ్సా అన్నారు. అవకలనం తఫర్రుఖీ, సమాకలనం తక్మిలీ, సమాకలని తక్మిలా. ఆ ఇహ్సా అన్న మాట మాకు ఎంతో ముచ్చటగా తోస్తుంది. లెక్కించడం అని అర్థం. దానిని హసా, అంటే గులకరాయి, అన్న మాటకు జోడిస్తారు, పూర్వం అరబ్బులు రాళ్లు పెట్టి లెక్కించేవారు కాబట్టి. లాటిన్‌లో కాల్క్యులస్ అన్నా గులకరాయే. తెలుగువారి కలనం కూడా లెక్కించడం అన్న ధాతువు నుంచే వచ్చింది, సంకలనంలో ఉన్నదీ అదే.

ఆ బడుల్లో చదివింది ముస్లింలే అనుకుంటే పొరపాటు. మన తాలూకాల్లో రెడ్ల పిల్లలు, కరణాల పిల్లలు, కోమట్ల పిల్లలు కూడా పై తరగతుల లెక్క ఉర్దూలోనే నేర్చారు. పారసీ, ఉర్దూ, తెలుగు మూడింటా పండితుడనిపించుకొని 1952లో హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు గారు 1899లో పుట్టినది మన కల్వకుర్తి తాలూకా పడకల్‌లోనే. ఉస్మానియాలో చదివిన రజియుద్దీన్ సిద్దీఖీ, 1908లో హైదరాబాదులో పుట్టినాయన, కేంబ్రిడ్జి వెళ్లి, జర్మనీలో హైజెన్‌బర్గ్ వద్ద పరిశోధన చేసి, తిరిగొచ్చి ఉస్మానియాలోనే గణితం చెప్పారు. ఉర్దూలో చదివితే పైకి రారన్న మాటకు ఆయన జీవితమే జవాబు. 1950లో ఆయన పాకిస్తాన్ వెళ్లిపోయారు.

1948 సెప్టెంబరు పోలీస్ యాక్షన్ తర్వాత ఉస్మానియాలో బోధన ఇంగ్లీషులోకి మారింది. తరువాతి కాలంలో, 1968లో, తెలుగు అకాడమీ ఏర్పడి ఇంటర్, డిగ్రీ పుస్తకాలు తెలుగులో వేసింది. తెలుగులో లెక్క కొత్తేమీ కాదు, 11వ శతాబ్దంలోనే పావులూరి మల్లన జైన పండితుడు మహావీరాచార్యుల గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అకాడమీ చేసిన పని మంచి పని. ఎవరినీ తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. అయితే ముప్పై, నలభై యేండ్లలో ఒకే లెక్క మూడు భాషలు మారింది. తాత తక్మిలా అన్నాడు, కొడుకు ఇంటిగ్రేషన్ అన్నాడు, మనవడు సమాకలనం అన్నాడు. లెక్క ఒక్కటే. ఒకరి మాట ఒకరికి అర్థం కాలేదు.

1970ల చివర మా ఊళ్లో ఒక పెద్దాయన ఉండేవారు. ఉర్దూ మీడియం కాలంలో ఉస్మానియాలో బీఎస్సీ చేసినవారు. తారీఖ్ చెప్పడంలో దిట్ట. మసీదుకు కొత్తగా వజూ ఖానా కట్టినా, ఎవరింట్లో మనవడు పుట్టినా ఆయన వద్దకే పోయేవారు. ఆయన మనవడు కాలేజీ పుస్తకం పట్టుకొని ‘దాదా, నీకు ఇంటిగ్రేషన్ వస్తదా?’ అని అడిగితే ‘రాదు బేటా, మా కాలంలో అది లేదు’ అన్నారు. పిల్లవాడు నమ్మాడు. ఆ తరువాత ట్యూషన్‌కని బస్సెక్కి మహబూబ్‌నగర్ పోయి వచ్చేవాడు. నెల దాటిన తరువాత ఒకనాడు చాప మీద తెరిచి ఉన్న పుస్తకంలో ఆ సాగదీసిన గుర్తు ఆయన కంటపడింది. ‘అరే, ఇది తక్మిలా గదా!’ అని కళ్లద్దాలు తెచ్చుకొని కూర్చున్నారు. మగ్రిబ్ నమాజుకు లేచే లోపల అభ్యాసంలో సగం అయిపోయింది. ఇంట్లోనే ఉన్న ఉస్తాదును వదిలి పిల్లవాడు నెల రోజులు బస్సుల్లో తిరగవలసి వచ్చింది. అడ్డు వచ్చింది తెలివి కాదు, ఒక్క మాట.

ఆ పెద్దాయన పోయిన తరువాత ఆయన ఉర్దూ గణిత పుస్తకాలూ, స్వయంగా రాసుకున్న నోటుబుక్కులూ కబాడీ తూకానికి పోయాయి. అబ్జద్ విలువలు రాసుకున్న ఒక్క కాగితం మాత్రం ఇంటివాళ్లు దాచుకున్నారు, పేర్లు పెట్టడానికి పనికొస్తుందని. మన సమాజంలో జరిగినది ఇదే అని మాకు అనిపిస్తుంది. రెండు కూడికల్లో చిన్నదాన్ని దాచుకున్నాము, పెద్దదాన్ని తూకానికి వేశాము. అక్షరాలు కూడటం రాని ఇల్లు లేదు, అదే కూడికను ఇంకొక్క మెట్టు ఎక్కించే సాయం కోసం మాత్రం ఫీజు కట్టి కోచింగులకు పంపుతున్నాము. ఫీజు కట్టలేనివారి పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, లెక్కల గ్రూపు వదిలి వేరే గ్రూపు తీసుకుంటున్నారు. ఇది ఈనాటికీ మా కళ్లముందు జరుగుతున్నది.

2016 అక్టోబరులో మన ప్రాంతం నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చింది. పాత పాలమూరు జిల్లాలో ఉర్దూ మీడియం వాళ్ల ఇళ్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి. వాటిల్లో ఎక్కడో అటకల మీదా, ఇనుప పెట్టెల్లోనూ దారుల్ తర్జుమా ముద్ర ఉన్న గణిత పుస్తకాలు ఉండకపోవు. చెద పట్టినా సరే, అట్ట లేకపోయినా సరే, తూకానికి వేసేముందు ఒకసారి మాకు చూపించండి. ఉర్దూ చదవగలిగిన పెద్దలు ఎవరైనా సాయంత్రం గంట సేపు వచ్చి కూర్చుంటే, ఇహ్సా పక్కన కలనం, తక్మిలా పక్కన సమాకలని, తఫర్రుఖీ పక్కన అవకలనం, ఇట్లా పక్కపక్కన రాసి ఒక చిన్న మాటల పట్టీ తయారు చేయాలని అనుకుంటున్నాము. మూడు భాషల్లోనూ ఉండాలి, ఇంగ్లీషు మాట తెలుగు లిపిలో. పిల్లలకు పలకడం వస్తే చాలు, అడగడం వస్తుంది. యాభై, అరవై మాటలకు మించి అవసరం పడదు. పుస్తకాలు తెచ్చేవారు జుమా రోజున అసర్ తరువాత వస్తే మేము అక్కడే ఉంటాము.